గంటభాష పందెం

సముద్రం కనిపించే ఒక విశ్వవిద్యాలయంలో, భాషాశాస్త్ర విభాగంలో ఉదయభాస్కర్ అనే విద్యార్థి ఉండేవాడు. అతనికి అన్నీ చప్పున వచ్చేవి గానీ "నాకు తెలియదు" అన్న మాట మాత్రం నోటికి వచ్చేది కాదు.

తరగతిలో ప్రశ్న పూర్తికాకముందే ఉదయ్ చెయ్యి లేచేది. దారినపోయేవాళ్లు పోస్టాఫీసు ఎటని అడిగితే, తెలియకపోయినా ఎటో ఒకవైపు చూపించేవాడు. అదేమిటని అడిగితే, "ఉన్నవి రెండు దార్లు. వందమందిలో యాభైమందికి సరిపోతుంది కదా," అనేవాడు.

"మిగతా యాభైమంది ఇంకా నడుస్తూనే ఉన్నారు, లెక్కల మేస్టారూ," అనేది ఎస్తేరు. ఆమె అతని తరగతిలోనే చదివేది. నెమ్మదిగా మాట్లాడేది, రాసింది పదిసార్లు చెరిపేది. ఆమె చెరుపుతున్నంతసేపూ ఉదయ్ కాళ్లు కదుపుతూ కూర్చునేవాడు.

అతను చెడ్డవాడేమీ కాదు. నిజానికి అతని చెవి అపురూపమైన చెవి. ఏ భాషలో ఏ మాట విన్నా, అర్థం తెలియకపోయినా, ఆ పలుకు పోకుండా తిరిగి అప్పజెప్పేవాడు. బస్టాండులో ఒరియావాళ్ల పోట్లాట విని వచ్చి హాస్టల్లో మొత్తం పలికి వినిపించేవాడు. ఎవరూ రాసిపెట్టని భాష ఒకటి తన చెవులతో వినాలని అతని కోరిక. చేతికొచ్చిన ఇంజనీరింగ్ సీటు వదులుకుని ఈ చదువులో చేరింది కూడా అందుకే.

ఆ విభాగంలో ఒక వింత ఆచారం ఉండేది. ఏటా పూర్వ విద్యార్థుల సమ్మేళనం రోజున గంటభాష పందెం జరిగేది. పూర్వ విద్యార్థుల్లో ఒకరు, ఇక్కడెవరికీ రాని భాష మాట్లాడే మనిషిని అతిథిగా వెంటబెట్టుకొచ్చేవారు. రెండో ఏడాది విద్యార్థులు ఇద్దరు వేదికెక్కేవారు. బల్ల మీద రాళ్లు, ఆకులు, ఒక నీళ్లచెంబు, ఒక కర్ర ఉండేవి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఏవీ వాడకూడదు. ఒక గంట మోగినప్పటి నుంచి ఇంకో గంట మోగేదాకా, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, చేతులతో చూపిస్తూ, సైగలు చేస్తూ, అతిథి పలికింది వింటూ బోర్డు మీద ఆ భాష రాయాలి. వచ్చేది ఎవరో, తెచ్చేది ఏ భాషో పోటీదారులకు ముందుగా తెలియకూడదు. అదొక్కటే కట్టుబాటు.

ఆ ఏడాది బహుమతి మామూలుది కాదు. గెలిచినవాళ్లను ఆ వేసవిలో అతిథి ఊరికి, ఎక్కడో ఈశాన్యపు కొండల్లోకి, పరిశోధన బృందంలో తీసుకువెళ్తామన్నారు. ఆ కబురు వినగానే ఉదయ్ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి వెళ్లాడు. పోటీకి ఇద్దరే నిలిచారు. ఒకడు తను, రెండోది ఎస్తేరు.

"సగం గెలిచినట్టే," అనుకున్నాడు. ఆ మిగతా సగం మాత్రం అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

సమ్మేళనానికి ముందు అతిథుల్ని రైల్వేస్టేషన్ నుంచి తీసుకురావడం మొదటి ఏడాది పిల్లల పని. ఉదయ్ వాళ్లలో ఒకణ్ణి ఆపి, నీకు పరీక్షలున్నాయి కదరా, నేను వెళ్తాలే అన్నాడు. ఆ పిల్లాడు అన్నయ్య మంచితనానికి మురిసిపోయాడు.

రైలు దిగింది వకుళ. ఆ విభాగంలో చదివి పేరు తెచ్చుకున్న పూర్వ విద్యార్థిని. పిల్లలందరికీ వకుళక్క. ఆమె పక్కన ఎర్ర గళ్ల శాలువా కప్పుకున్న ఒక నడివయసు స్త్రీ దిగింది. ఆమె పేరు లిమ్మా. స్టేషన్‌లో జనాన్నీ, గోడ మీది గడియారాన్నీ, కూలీల నెత్తి మీది పెట్టెల్నీ ఆమె కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది.

"నువ్వు మొదటి ఏడాదా తమ్ముడూ?" అని అడిగింది వకుళ.

ఉదయ్ తలూపాడు. అబద్ధం చెప్పలేదు, తలే కదా ఊపాను, అని సర్దిచెప్పుకున్నాడు.

వకుళక్క వచ్చిందంటే వచ్చిన భాష తుమ్రా. ఆమె థీసిస్ దానిమీదే. విభాగం గ్రంథాలయంలో కింది అరలో దుమ్ముకొట్టుకుని ఉండేది. ఉదయ్ దాన్ని తీసి, చివరి పుటల్లోని మాటలన్నీ గడగడా కంఠస్థం చేశాడు. ముక్కు, చెవి, రాయి, నిప్పు, ఆకాశం. ఒకటి నుంచి వంద దాకా అంకెలు. అవునుకు "అంగ్". గ్రంథాలయం ఉన్నది చదువుకోవడానికే కదా అనుకున్నాడు.

పందెం రోజు హాలు కిటకిటలాడింది. ఎన్నెన్నో ఏళ్ల కిందట చదివినవాళ్లు వచ్చారు. పాత బెంచీల మీద తమ పేర్లు వెతుక్కున్నారు, ఒకరి బట్టతలను ఒకరు వెక్కిరించుకున్నారు. విభాగాధిపతి ఆచార్య జగ్గారావు గారు గంట మోగించారు. కుర్చీలు సర్దుకున్నాయి. వేదిక పక్కన పెద్ద కిటికీలోంచి సముద్రం మెరుస్తోంది. లిమ్మా కూర్చున్నదే గానీ ఆమె చూపంతా ఆ కిటికీ మీదే ఉంది.

ముందు ఎస్తేరు వంతు వచ్చింది. ఆమె రాళ్లూ ఆకులూ ముట్టుకోలేదు. వేదిక చివరిదాకా నడిచి, చెయ్యి ఊపి లిమ్మాను రమ్మని పిలిచింది. లిమ్మా వచ్చింది. తర్వాత ఆమెను అక్కడే నిలబెట్టి, తను కుర్చీ దగ్గరకు వెళ్లి, ఇప్పుడు నన్ను పిలువు అన్నట్టు సైగ చేసింది. లిమ్మా ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యి గుండెవైపు ఊపుతూ, "లాహే!" అంది. ఎస్తేరు పరుగున వెళ్లింది. హాలంతా నవ్వింది, లిమ్మా కూడా నవ్వింది. ఎస్తేరు ఆ మాట రాసింది, పలికింది, చెరిపింది, మళ్లీ పలికించుకుని రాసింది. కూర్చో, ఇవ్వు, ఇది ఏమిటి... ఇలాంటివి అన్నీ కలిపి తొమ్మిది మాటలయ్యేసరికి గంట మోగింది.

"ఇరవై నిమిషాలకి తొమ్మిది," అనుకున్నాడు ఉదయ్. "నిమిషానికి అరమాట కూడా లేదు."

అతను వేదికెక్కగానే హాలు ఊపిరి బిగబట్టింది. రాయి ఎత్తాడు. లిమ్మా నోరు తెరిచి సగం పలికేసరికే బోర్డు మీద మాట పడిపోయింది. ఆకు, నీళ్లు, ముక్కు, చెవి. సుద్దముక్క విరిగింది, ఇంకోటి తీశాడు. రాళ్లు వరసగా పేర్చాడు. లిమ్మా మూడుదాకా లెక్కపెట్టింది. నాలుగు నుంచి అతనే అందుకుని ఇరవై దాకా చెప్పేశాడు. వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు. అదెలాగయ్యా అని జగ్గారావు గారు ఆశ్చర్యపోతే, అంకెల అల్లిక పట్టేశాను సర్ అన్నాడు. చివరగా కిటికీలోంచి ఆకాశాన్ని వేలుపెట్టి చూపించి, తానే ముందుగా "కొర్పి!" అన్నాడు. లిమ్మా నోటికి శాలువా అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

చప్పట్లు కొట్టనిది ఒక్క వకుళే. ఆమె వెనక వరసలో కూర్చుని బోర్డునే చూస్తూ ఉండిపోయింది.

టీకి విరామం ఇచ్చారు. తర్వాత లిమ్మాకు సన్మానం, ఆపైన ఫలితం. వకుళను పాత స్నేహితులు చుట్టుముట్టేశారు. ఉదయ్‌ని మొదటి ఏడాది పిల్లలు చుట్టుముట్టారు. అతని కాళ్లు నేలమీద ఆనడం లేదు. అప్పుడే గుంపును తోసుకుంటూ లిమ్మా అతని దగ్గరకు వచ్చింది.

ఊరు విడిచినప్పటి నుంచి వకుళ తప్ప ఆమెతో మాట కలిపినవాళ్లు లేరు. ఇప్పుడు తన అంకెలు లెక్కపెట్టే కుర్రాడు దొరికాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. కళ్లు వెలిగిపోతుంటే గలగలా ఏదో చెప్పింది. కిటికీ వైపు చూపించింది, వకుళ వైపు చూపించింది, చివర ఏదో అడిగి ఆగింది.

ఉదయ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. అందులో ముక్కు లేదు, చెవి లేదు, అంకె లేదు.

"ఏమంటున్నారన్నా?" అని పక్కనున్న కుర్రాడు అడిగాడు.

"టీ బాగుందట," అన్నాడు ఉదయ్. ఆమె వైపు తిరిగి, "అంగ్, అంగ్," అని తల గట్టిగా ఊపాడు.

లిమ్మా అతని చెంప నిమిరి, శాలువా సర్దుకుని, చకచకా బయటకు వెళ్లిపోయింది.

విరామం అయింది. అందరూ మళ్లీ కూర్చున్నారు. జగ్గారావు గారు శాలువా, పూలదండ పట్టుకుని నిలబడ్డారు. అతిథి కుర్చీ ఖాళీగా ఉంది. వస్తుందిలే అనుకుంటూ కాసేపు చూశారు. ఆడవాళ్ల గదిలో లేదు, వరండాలో లేదు. వకుళ మొహం పాలిపోయింది. లిమ్మాకు రోడ్డు దాటడం తెలియదు, చేతిలో ఫోను లేదు, ఇక్కడి మాట ఒక్కటి రాదు అంది. పాత విద్యార్థులు, కొత్త విద్యార్థులు తలో దిక్కుకీ లేచారు. క్యాంటీన్ వైపు కొందరు, హాస్టల్ వైపు కొందరు, పెద్దగేటు వైపు కొందరు.

"ఒక్క నిమిషం ఆగండి," అంది వకుళ. "విరామంలో ఆమె ఎవరితోనైనా మాట్లాడిందా?"

"ఉదయన్నతో మాట్లాడారు మేడమ్. టీ బాగుందన్నారట," అన్నాడు ఇందాకటి కుర్రాడు.

వకుళ ఉదయ్ వైపు తిరిగింది. హాలంతా తిరిగింది. ఔను, అంతే అంటే చాలు. బహుమతి చేతిలో ఉంది, కొండలు కళ్లముందు ఉన్నాయి. ఇంతమంది వెతుకుతున్నారు, ఎవరో ఒకరికి కనబడకపోదు. సగానికి సగం అవకాశం.

సగం. ఆ లెక్క దగ్గర అతని మనసు ఆగిపోయింది. మిగతా యాభైమంది ఇంకా నడుస్తూనే ఉన్నారన్న ఎస్తేరు మాట గుర్తొచ్చింది. ఆ యాభైమందికీ ఇన్నాళ్లూ మొహాలు లేవు. ఇప్పుడొక మొహం ఉంది. ఎర్ర గళ్ల శాలువా ఉంది.

"నాకు తెలియదు," అన్నాడు ఉదయ్.

ఆ మాట ఆ హాలులో ఎవరూ అతని నోట విని ఉండరు. ఎస్తేరు తల తిప్పి చూసింది.

"ఆవిడ ఏమడిగిందో నాకు తెలియదక్కా. అర్థం కాకుండానే అవునన్నాను. నాకు ఆ భాష రాదు. మీ థీసిస్ ముందే చదివి వచ్చాను."

హాలు గుసగుసలాడింది. వకుళ చెయ్యెత్తి ఆపింది. ఆమె మొహంలో కోపానికి కూడా తీరిక లేదు. "అర్థం సంగతి వదిలెయ్. ఏం వినబడింది?"

ఉదయ్ కళ్లు మూసుకున్నాడు. పందెంలో అతను ఆ చెవిని వాడనే లేదు. కంఠస్థం చేసింది ఒప్పజెప్పే తొందరలో దానికి పని పెట్టలేదు. ఇప్పుడు పెట్టాడు. లిమ్మా గొంతు, ఆమె ఆగిన చోటు, చివర పైకి లేచిన రాగం, ఒక్కొక్కటీ తిరిగి వచ్చాయి. విన్నది విన్నట్టు పలికాడు.

సగంలోనే వకుళ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆ పెద్ద నీళ్ల దగ్గరకు ఇప్పుడే వెళ్లనా అని అడిగింది. వకుళ నా వెనకే వస్తుందా అని అడిగింది. ఆమె పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. సాయంత్రం తీసుకెళ్తానని చెప్పాను." ఆమె కిటికీ వైపు చూసింది. "నువ్వు అవునన్నావు. అంటే ఇప్పుడు అక్కడే నాకోసం చూస్తూ ఉంటుంది. నేను వచ్చేదాకా కదలదు."

సముద్రం పోటెక్కే వేళ అది. జగ్గారావు గారు ఏదో అనేలోపే ఉదయ్ గుమ్మం దాటేశాడు. వెనకగేటులోంచి, సరుగుడు తోటలోంచి, ఇసుక దిబ్బ మీంచి ఒకటే పరుగు. వెనక ఎస్తేరు, ఆ వెనక వకుళ, ఆ వెనక విభాగమంతా, బట్టతలలతో సహా.

ఒడ్డున చేపలవాళ్లు ఇద్దరు చేతులు ఊపుతూ అరుస్తున్నారు. నీళ్లలో ఏనుగు వీపులా ఒక నల్లటి బండ. దానిమీద ఎర్ర శాలువా. లిమ్మా వాళ్ల అరుపులకి నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. పలకరిస్తున్నారనుకుంది పాపం. బండ చుట్టూ నీళ్లు కమ్ముకుంటున్నాయి. ఒక కెరటం వచ్చి దాని నడుమును కొట్టింది.

"ఆ బండ కాసేపట్లో మునిగిపోద్ది బాబూ. పిలుస్తుంటే రాదేటి?" అన్నాడు చేపలవాడు. నడుముకు తాడు చుట్టుకుంటున్నాడు.

వకుళా, ఎస్తేరూ ఇంకా ఇసుక దిబ్బ దాటలేదు. ఉదయ్ తెలుగులో అరిచాడు. ఆమె చెయ్యి ఊపింది. తుమ్రా మాటలు గుర్తు తెచ్చుకున్నాడు. ముక్కు. చెవి. నిప్పు. అతని నాలుక చివర వంద అంకెలు ఉన్నాయి. ఆమె భాషలో ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టగలడు గానీ, రమ్మని పిలవలేడు.

అప్పుడు అతని మనసులో హాలులోని బోర్డు కనిపించింది. తన వైపు కాదు, ఎస్తేరు వైపు. చెరిపి చెరిపి తెల్లబడిన చోట, మొట్టమొదట రాసిన మాట. మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, చెయ్యి గుండెవైపు ఊపుతూ గొంతు చించుకున్నాడు.

"లాహే! లాహే!"

లిమ్మా నవ్వు ఆగింది. అతని మొహం చూసింది, చుట్టూ నీళ్లు చూసింది. శాలువా బిగించి, కొండ దిగే మనిషిలా ఒడుపుగా బండ దిగింది. కెరటం నడుము దాకా వచ్చింది. చేపలవాడు తాడుతో ముందుకెళ్లి ఒక చెయ్యి పట్టుకున్నాడు, ఉదయ్ రెండో చెయ్యి పట్టుకున్నాడు. ముగ్గురూ ఇసుక మీదికి వచ్చి పడ్డారు. వాళ్ల వెనకే ఒక పెద్ద కెరటం లేచి బండను పూర్తిగా మింగేసింది.

లిమ్మా తడిసిన జుట్టు పిండుకుంటూ ఆగకుండా మాట్లాడింది. వకుళ ఏడుస్తూ, నవ్వుతూ వింది. నీళ్లు ఉప్పగా ఉన్నాయేమిటి, ఇంతమందీ పరుగెత్తుకొచ్చారేమిటి, సన్మానం ఇక్కడికి మార్చారా అని అడుగుతోంది అంది. నిజంగానే జగ్గారావు గారు పూలదండ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. దండ ఇసుకలోనే ఆమె మెడలో పడింది.

జనం సర్దుకున్నాక వకుళ ఉదయ్ దగ్గరకు వచ్చింది. "నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. స్టేషన్‌లో మొదటి ఏడాది అని తలూపినవాడు వేదికెక్కినప్పుడే అనుమానం వచ్చింది. నీ వయసులో నేనూ ఆకాశాన్ని వేలుపెట్టి చూపించి అడిగాను. ఆమె నా వేలు చూసి, వేలు అని చెప్పింది. కొర్పి అంటే వేలు. అది ఆకాశమని నేను థీసిస్‌లో అచ్చువేయించుకున్నాను. ఆ తప్పు ప్రపంచంలో ఒక్క చోటే ఉంది. టీ అయ్యాక నిన్ను పక్కకు పిలుద్దామనుకున్నాను. ఆలస్యం చేయడం నా తప్పే."

"మీరు పిలిచి ఉంటే ఒప్పుకునేవాణ్ణో కాదో నాకు తెలియదక్కా," అన్నాడు ఉదయ్. ఆ మాట ఈసారి కొంచెం సులువుగా వచ్చింది.

పందెం ఎస్తేరు గెలిచింది. ఆ వేసవిలో కొండలకు వెళ్లింది ఆమే. ఉదయ్ వెళ్లలేదు. స్టేషన్‌కి వెళ్లి ఆమె పెట్టె మోసి, రైలెక్కించి వచ్చాడు. పెట్టె బరువు ఎంతుంటుందో చెప్పు లెక్కల మేస్టారూ అని ఆమె ఏడిపిస్తే, తూచి చెప్తానన్నాడు.

కానీ ఆ పందెం సాయంత్రమే అతనికి ఇంకొకటి దొరికింది. ఎండ చల్లబడ్డాక లిమ్మా మళ్లీ సముద్రం చూస్తానంది. ఈసారి అందరూ వెంట వెళ్లారు. ఉదయ్ ఆమె పక్కన ఇసుకలో కూర్చుని, ఇది ఏమిటి అని తుమ్రాలో ఎలా అడగాలో ఎస్తేరు దగ్గర నేర్చుకున్నాడు. వేలు పెట్టలేదు. అరచేయి చాపి సముద్రాన్నంతా చూపించి అడిగాడు. లిమ్మా చాలాసేపు ఆలోచించింది. తన భాషలో సముద్రానికి మాట లేదు మరి. చివరికి ఏదో పలికింది. ఉదయ్ తిరిగి పలికాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ పలికాడు, మళ్లీ అడ్డంగా ఊపింది. మూడోసారి ఆమె అతని చెంప నిమిరింది. ఏ పుస్తకంలోనూ లేని మాట అది. అతని ఒళ్లు ఝల్లుమంది.

ఏళ్లు గడిచాయి. ఉదయ్ పూర్వ విద్యార్థి అయ్యాడు. ఒక ఏడాది గంటభాష పందేనికి తనే ఒక అతిథిని వెంటబెట్టుకొచ్చాడు. గేటు దగ్గర ఎవరో ఆపి, పోస్టాఫీసు ఎటని అడిగారు. "నాకు తెలియదండి. నేను ఉన్నప్పుడు ఇటుండేది. పదండి, కనుక్కుందాం," అని వాళ్లతో కలిసి నడిచాడు. పోస్టాఫీసు నిజంగానే చోటు మారింది.

తెలియదని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. తెలియకుండా అవునన్న మాటే మనల్ని నమ్మినవాళ్లను ముంచుతుంది.